పాత క్యాసెట్ పట్టదు బావా

మొన్న ఎండాకాలం మా అమ్మాయిని తీసుకుని ఖమ్మంలో వైరా రోడ్డు మీదున్న ఒక దుకాణానికి వెళ్లాను. ఇంటర్ పరీక్షలు బాగా రాస్తే కొత్త వీడియో గేమ్ కొనిపెడతానని వాళ్ల నాన్న మాటిచ్చాడు. అమ్మాయి ఒక గుడ్డసంచి మోసుకొచ్చింది. అందులో దాని పాత ఆటల డిస్కులు. దుకాణంలో కుర్రాడు కొత్త మిషన్ గొప్పలు ఏకరువు పెడుతుంటే అది చెవిన పెట్టలేదు. సంచి బల్ల మీద పెట్టి ఒక్కటే అడిగింది.

"ఇవి దీంట్లో పడతాయా?"

"పడతయ్. పాత మిషన్‌ల ఆడినవన్నీ దీంట్ల ఆడుకోవచ్చు. ఎక్కడ ఆపిన్రో అక్కణ్నుంచే" అన్నాడు కుర్రాడు.

"పడకపోతే తిరిగి తెస్తాను. పాతవి పోగొట్టుకుని నాకు కొత్తది అక్కర్లేదు" అంది.

అది ఆటల గురించే అంది. అందులో ఇంకో అర్థం లేదు. నేను మాత్రం అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. "ఏమైందమ్మా?" అని అది కంగారుపడింది. ఎండ తగిలినట్టుంది అన్నాను. కుర్రాడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నీళ్లు తాగుతుంటే, నేను మా నాయిన మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నట్టే అనిపించింది.

మా నాయిన పనిచేసిన బొగ్గు గని మణుగూరు అవతల అడవిలో ఉండేది. గనిని మా వైపు బాయి అంటారు. "బాయికి పోయిండు", "బాయి నుంచి వచ్చిండు" అనేదే మా ఇళ్లలో పొద్దు తెలిపే మాట. బాయి చుట్టూ కాలనీ, కాలనీ చుట్టూ అడవి. ఇప్పుడా కాలనీ లేదు. దాని కింద బొగ్గు ఉందని క్వార్టర్లన్నీ ఖాళీ చేయించి, మట్టి ఎత్తిపోసి, ఓపెన్‌కాస్టు గనిగా మార్చారు. మేము పడుకున్న గది, మా అమ్మ బీర తీగ పాకించిన గోడ, నేను చదివిన బడి ఉన్నచోట ఇప్పుడు ఉత్త గాలి ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే ఎక్కడో కింద అగ్గిపెట్టెలంత లారీలు తిరుగుతుంటాయి. మా ఇల్లు ఎంత ఎత్తున ఉండేదో కూడా చూపించలేను.

ఆ కాలనీకి ఒక వాసన ఉండేది. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు. ఆ పచ్చిపొగ గొంతు పట్టుకునేది. వానాకాలం ఆ పొగకు తడిసిన గోనెపట్టాల వాసన కలిసేది. ఎండాకాలం మాత్రం అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వచ్చేది, తియ్యగా, కొంచెం పులిసినట్టుగా. దూరపు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడితే కిటికీ రెక్కలు గడగడలాడేవి, కుండలో నీళ్లు వణికేవి. ఆ చప్పుడుకు మేము లేచి కూర్చునేవాళ్లం కాదు. చప్పుడు కాని రోజున మాత్రం ఏదో మరిచిపోయినట్టుండేది.

నాయినతో పాటు ఒకే జట్టులో పనిచేసే ఒకాయన ఉండేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. ఆయనది అడవి లోపలి కోయ గూడెం. పెళ్లి కాలేదు. ఊళ్లో తల్లి ఒక్కతే ఉండేది. కాలనీలో పెళ్లికాని వాళ్లుండే వరుస గదుల్లో ఉండేవాడు గానీ, అన్నం మా ఇంట్లోనే. షిఫ్టు దిగి ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు. ఒళ్లంతా నల్లగా, కళ్లు పళ్లు మాత్రం తెల్లగా. స్నానం చేసి వచ్చేదాకా ఎవరు నాయినో ఎవరు కాకో నాకు నడకను బట్టే తెలిసేది.

కాక ఊరికెళ్లి వచ్చినప్పుడల్లా అడ్డాకు పొట్లంలో తునికి పండ్లు తెచ్చేవాడు. పండినవి నాలుక మీద కరిగిపోతాయి. పచ్చివి కొరికితే నోరంతా బిగుసుకుపోతుంది. ఒకసారి ఆయన చెప్పులు నీళ్ల తొట్టి వెనక దాచాను. ఆయన ఏమీ అనకుండా వెతుక్కుని, ఆ వారం పండ్లలో పచ్చివి ఏరికోరి పైన పేర్చి ఇచ్చాడు. నేను నోరు వంకర తిప్పుకుని ఉమ్ముతుంటే అరుగు మీద కూర్చుని నవ్వాడు.

"ఇగ చెప్పులు ముట్టుకుంటవా?"

"ముట్టుకోను."

"ముట్టుకో. నాకు పచ్చి కాయలు దొరకక పోతయా?"

వాళ్ల ఊరివాళ్లు సంతకొచ్చి మా గుమ్మం ముందు ఆగితే కాక వాళ్లతో కోయ మాటల్లో మాట్లాడేవాడు. అప్పుడు ఆయన గొంతు మారిపోయేది. మాతో మాట్లాడేటప్పుడు నెమ్మది, తక్కువ మాటలు. వాళ్లతో అయితే గలగలా సాగేది. "ఏమన్నడు కాక?" అని నాయినను అడిగితే, "నాకేం ఎరుక బిడ్డా, ఇన్నేండ్లైనా ఒక్క ముక్క రాలే" అనేవాడు. నేర్పమని అడిగితే కాక "మీ నాయిన నోరు తిరగదు" అని కొట్టిపారేసేవాడు.

వానలు మొదలైన ఒక రోజు, షిఫ్టు మారే వేళ కాకుండానే సైరన్ మోగింది. వేళ కాని వేళ సైరన్ అంటే ఏమిటో కాలనీలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. ఆడవాళ్లంతా ఎక్కడి పని అక్కడ వదిలి బాయి వైపు పరుగెత్తారు. అమ్మ చేతులకు జొన్నపిండి ఉంది. ఆ చేతులతోనే నా రెక్క పట్టుకుని ఉరికింది. వానలో నిలబడి చూశాం. చాలాసేపటి తర్వాత నాయినను స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. ఆ వెనకే కాకను తెచ్చారు, ముఖం మీద గుడ్డ కప్పి.

పైకప్పు బండ విరిగి పడిందట. కాక నడుం దాకా దాని కింద ఉండిపోయాడు. నాయిన తుంటి నలిగింది. దారి తవ్వుకుని మనుషులు వాళ్లను చేరేసరికి చాలాసేపు పట్టింది. ఆ చీకట్లో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. నాయిన చేయి కాక తల మీద ఉందని పైకి తెచ్చినవాళ్లు అమ్మతో చెప్పారు. "శానసేపు బతికే ఉన్నడు. మాకు మాట్లాడినట్టు వినవడ్డది. మేం పోయెటాల్లకు లేడు" అన్నారు.

నాయిన దవాఖానాలో చాలా రోజులున్నాడు. ఇంటికొచ్చాక ముందు గదిలో మంచం వేశారు. లేవలేడు, అది అందరికీ తెలిసిందే. అసలు దిగులు వేరే ఉంది. ఆయన మాట్లాడలేదు. ఆకలైతే చూసేవాడు, దాహమైతే చూసేవాడు. డాక్టరు గొంతుకేమీ కాలేదన్నాడు. "లోపల బెదిరిండు, టైం పడతది" అన్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు మంచం చుట్టూ కూర్చుని బాయి ముచ్చట్లు, అంతకుముందు పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకుని, చాయ్ తాగి వెళ్లేవాళ్లు. నాయిన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కాక గురించి అడిగితే కళ్లు మూసుకునేవాడు.

కాక తల్లి ఒకసారి వచ్చింది, కొడుకు దినాలు అయిపోయాక. సన్నగా, పొడుగ్గా, చెవుల నిండా కమ్మలతో ఉండేది. అమ్మ ఆమెను పెద్దమ్మా అనేది, నేను అవ్వా అనేదాన్ని. నాయిన మంచం పట్టె పట్టుకుని నిలబడి అడిగింది.

"కొడుకా, నువ్వొక్కనివే ఉన్నవ్ వాని కాడ. నా బిడ్డ ఏమన్న అన్నడా?"

నాయిన పెదవులు కదిలాయి. మాట రాలేదు. కన్నీళ్లు చెవుల్లోకి జారాయి. ఆమె కొంగుతో తుడిచి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

మా మేనమామ కొత్తగూడెంలో ఒక టీవీ రిపేరు దుకాణంలో పనిచేసేవాడు. అమ్మకు తమ్ముడు. సరదా మనిషి, బావంటే ప్రాణం. బావ గోడకేసి చూస్తూ పడి ఉండటం చూడలేక ఒకనాడు వీడియో గేమ్ మిషన్ పట్టుకొచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దానికి రెండు తాళ్లు, తాళ్ల చివర మీటలు. పైన ఒక గాడి. అందులో పసుపుపచ్చ క్యాసెట్ గుచ్చితే మా బ్లాక్ అండ్ వైట్ టీవీలో బొమ్మ వచ్చేది. రాకపోతే క్యాసెట్ పళ్లను నోటితో ఊది మళ్లీ గుచ్చాలి. వాడకట్టు పిల్లలంతా మా ఇంటికి వచ్చిపడ్డారు. అమ్మ తరిమేసేది. వాళ్లు కిటికీ పట్టుకుని వేలాడేవాళ్లు.

తెచ్చిన క్యాసెట్లలో ఒకదాంట్లో తవ్వే ఆట ఉంది. పలుగు పట్టుకున్న ఒక చిన్న మనిషి. మీట ఎటు నొక్కితే అటు మట్టి తవ్వుకుంటూ పోతాడు. మట్టిలో అక్కడక్కడా బండలు. బండ కింద మట్టి తీశామా, అది ఊగి ఊగి మీద పడుతుంది. పడితే ఆ మనిషి చదునుగా అణిగిపోతాడు, మళ్లీ మొదటి నుంచి.

అది చూడగానే అమ్మ టీవీ కట్టేసింది.

"ఈ ఆట తెచ్చినవేందిరా? ఇంకేం దొరకలేదా నీకు?"

"నేనేం సూసిన్నా అక్కా, ఉన్నయన్నీ ఏస్కొచ్చిన" అన్నాడు మామ.

అప్పుడు మంచం మీంచి నాయిన చేయి చాచాడు. ఆ చేయి అంత దూరం చాచడం దవాఖానా నుంచి వచ్చాక అదే మొదలు. మామ భయంభయంగా మీట ఆయన చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట నాయిన ఆ ఒక్క ఆటే ఆడేవాడు. నేను బడి నుంచి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చునేదాన్ని. క్యాసెట్ ఊదే పని నాది. నాయిన ఆట మా ఆటలా ఉండేది కాదు. మేము గబగబా తవ్వుకుంటూ పోయేవాళ్లం. ఆయన ప్రతి బండ దగ్గరా ఆగి పైకి చూసేవాడు. నెమ్మదిగా చిన్న చిన్న మాటలు కూడా మొదలయ్యాయి, ఆ బొమ్మతోనే. "ఆగు. పైన సూస్కో." "అటు పోకు." అమ్మ పొయ్యి దగ్గరి నుంచి విని, గరిటె పట్టుకునే ఏడ్చింది.

ఒకనాడు బండ పడింది. చిన్న మనిషి అణిగిపోయాడు. నాయిన నోటి వెంట ఏవో కొన్ని మాటలు వచ్చాయి. తెలుగు కాదు. గొంతు కూడా నాయినది కాదు అనిపించింది. నెమ్మదిగా, ఎవరికో చెప్పినట్టు. అమ్మ గదిలోకి వచ్చి నిలబడింది.

"ఏమన్నవయ్యా?"

"ఏమన్న?" అన్నాడు నాయిన, వింతగా చూస్తూ.

మర్నాడు మళ్లీ బండ పడ్డప్పుడు అవే మాటలు. ఆ మర్నాడూ అవే. ఆయనకు తాను అంటున్నట్టు తెలియదు. బండ పడకపోతే ఆ మాటలు లేవు. గుర్తు తెచ్చుకోమంటే తల అడ్డంగా ఊపేవాడు. అవి కాక మాటలని అమ్మకు అర్థమైంది. చీకట్లో పక్కన పడుకుని విన్న మాటలు, అర్థం కాని మాటలు, అర్థం కాకపోవడం వల్లే కాబోలు విన్నవి విన్నట్టుగా లోపల అంటుకుపోయాయి.

కాలనీలో కోయ మాటలు తెలిసినవాళ్లు లేక కాదు. సంతకు వచ్చేవాళ్లెవరిని పిలిచినా అర్థం చెప్పేవాళ్లు. అమ్మ ఒప్పుకోలేదు.

"సచ్చిపోయెటోని ఆఖరి మాట. మొదలు తల్లి చెవులవడాలె. మనం ముందు వినుడు తప్పు."

నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. "నువ్వు ఆ మాటలు పలుకకు. ఆటకు అనేటివి కావు. బయట అసలే అనకు." నేను అనలేదు. నోట్లోనే అణుచుకున్నాను.

కాక వాళ్ల ఊరి వైపు వెళ్లే ఆడవాళ్లతో అమ్మ కబురు పంపింది: నీ కొడుకు చెప్పిన మాట మా ఇంట్లో ఉంది, వచ్చి విను. కబురు చేరింది గానీ దారి లేదు. ఆ యేడు వానలు ఆగలేదు. వాగులు పొంగి అడవి లోపలికి బస్సులు బందయ్యాయి. వాగు తగ్గగానే వస్తానని ఆమె తిరుగు కబురు పంపింది.

ఈలోపు ఒక ఆదివారం మామ వచ్చాడు. అమ్మ మందుల కోసం దవాఖానాకు వెళ్లింది. ఇంట్లో నాయిన, నేను. మామ చంకలో కొత్త పెట్టె. ముఖం వెలిగిపోతోంది.

"బావా, ఆ డొక్కు మిషన్ మీద ఎన్ని దినాలని ఆడతవ్? ఇది సూడు. డిస్కులది. బొమ్మలు అచ్చం మనుషులున్నట్టే ఉంటయ్. మా సేటుతోని మాట్లాడి పాతదానికి బదులు తెచ్చిన."

తీగలు పీకి, పాత మిషన్‌ను దుప్పటిలో చుట్టాడు. కొత్తది బిగించాడు. కార్లు దూసుకుపోతున్నాయి. నేను చప్పట్లు కొట్టాను. అంత అందమైన బొమ్మలు నేనెప్పుడూ చూడలేదు. నాయిన మాత్రం మంచం మీద తలగడ పక్కన ఉన్న పసుపు క్యాసెట్ తీసి మామ వైపు చాచాడు. ఏమిటన్నట్టు చూశాడు మామ.

"ఇది?" అన్నాడు నాయిన.

"పాత క్యాసెట్ పట్టదు బావా. దీనికి గాడే లేదు గదా. అయినా ఇంక ఆ బండలు మీదవడే ఆట ఎందుకు? కార్లు నడుపు, పాణం మంచిగైతది."

నాయిన చేయి అట్లాగే కొంతసేపు గాలిలో ఉంది. తర్వాత దించేశాడు. ఆ ఆటే ఎందుకు కావాలో ఆయనకూ చెప్పడం రాలేదు. ఆయనకే తెలియదు కదా. మామ ప్రేమగా దుప్పటి మూట చంకన పెట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు. అమ్మ వచ్చి చూసి మందుల సంచి నేల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. "వానికి చెప్పకపోతిని. వానికి ముందే చెప్పకపోతిని" అంటూ తల పట్టుకుంది.

ఇప్పుడు మా అమ్మాయి, దాని స్నేహితులు కొత్త మిషన్ ఏది కొన్నా పాతవి పడతాయా లేదా అని ముందు అడుగుతారు. పడకపోతే మిషన్లు చేసేవాళ్లను తిట్టిపోస్తారు. పిల్లలు ఆటల మీద ఇంత పట్టుదల చూపిస్తారేమిటని పెద్దవాళ్లు నవ్వుతారు. నేను నవ్వను. కొత్తది వచ్చి పాతదాన్ని మరీ పరాయిదాన్ని చేస్తే ఒక ఇంట్లో ఏం పోతుందో, దాన్ని తయారుచేసినవాడికి గానీ అమ్మినవాడికి గానీ ఎప్పటికీ తెలియదు. మా మామకే తెలియలేదు. తెలిసి ఉంటే తల నరికినా ఆ తీగ పీకేవాడు కాదు.

దసరా దాటాక వాగు తగ్గింది. అవ్వ వచ్చింది. మొదటి బస్సుకే వచ్చింది. నెత్తి మీద చిన్న మూట, అందులో ఎండిన ఇప్పపూలు, తేనె సీసా. కొడుకు మాట వినడానికి వచ్చే తల్లి వట్టి చేతులతో రాదు కదా. నేల మీద కూర్చుని, కొంగు సర్దుకుని, నాయిన వైపు చూసింది.

అమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమెకు మిషన్లు, క్యాసెట్లు తెలియవు. ఒకటే అడిగింది.

"మాట ఈయన నోట్లనే ఉన్నది గదా బిడ్డా? డబ్బల లేదు గదా?"

నాయిన కళ్లు మూసుకుని ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది. కార్ల ఆట పెట్టించుకుని కావాలని గోడకు గుద్దించాడు. కారు పల్టీ కొట్టింది, ఏమీ రాలేదు. తలుపులు మూయించి చీకటి చేయమన్నట్టు సైగ చేశాడు. చీకట్లో కాసేపు కూర్చున్నాం. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఊపిరి తప్ప ఇంకేదీ బయటికి రాలేదు. సాయంత్రం బస్సు వేళ అయింది. ఆమె లేచింది.

ఆమెను బస్సు ఎక్కించమని అమ్మ నన్ను పంపింది. దారిలో అమ్మ వద్దన్న పని చేశాను. నాకు గుర్తున్నంత వరకు ఆ మాటలు పలికాను. ఆమె టక్కున ఆగిపోయింది. వంగి, నా భుజాలు పట్టుకుంది.

"మళ్ల అను బిడ్డా."

మళ్లీ అన్నాను. ఈసారి వేరేగా వచ్చింది. మూడోసారి ఇంకోలా వచ్చింది. ఎన్ని రోజులుగానో పలకకుండా దాచుకున్నవి నాలుక మీదికి వచ్చేసరికి ముక్కలైపోయాయి. ఆమె నా నోటినే చూస్తోంది. చెవిటివాళ్లు చూసినట్టు చూస్తోంది.

"ఏదో అంటున్నవ్. మావోళ్ల మాట లెక్కనే ఉన్నది. ఏందో తెలుస్తలేదు" అంది చివరికి. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె నా ముక్కు తన కొంగుతో తుడిచి, "ఊకో, నీ తప్పేమున్నది, చిన్నదానివి" అని బస్సెక్కింది. కిటికీలోంచి నా వైపే చూస్తూ వెళ్లింది. నా నోటి వైపు.

విషయం తెలిశాక మామ మా గడప తొక్కడానికి మొహం చెల్లక చాలా రోజులు రాలేదు. కానీ ఊరుకోలేదు. అతను పాత మిషన్ ఇచ్చిన సేటు దాన్ని ఎవరో చుట్టాల పిల్లలకిచ్చాడు, వాళ్లు పగలగొట్టారు. అప్పటికి అటువంటివి దుకాణాల్లో రావడం మానేశాయి. మామ సెలవు దొరికినప్పుడల్లా తిరిగాడు. భద్రాచలంలో అడిగాడు, అశ్వారావుపేటలో అడిగాడు. ఎండాకాలం మొదట్లో బూర్గంపాడులో ఒక కిరాణా దుకాణంవాళ్ల అటక మీద దొరికింది. రంగు వేరు, మీటలు వేరు. గాడి మాత్రం అదే. తెచ్చి, పసుపు క్యాసెట్ గుచ్చాడు. బొమ్మ వచ్చింది. పలుగు పట్టుకున్న మనిషి మట్టిలో నిలబడి ఉన్నాడు.

"పట్టింది బావా! పట్టింది!" అని మామ కేక పెట్టాడు. కళ్లనిండా నీళ్లు.

నాయిన ఆడబోతే అమ్మ ఆపింది. ఈసారి అవ్వ ఎదుటే జరగాలంది. కబురు వెళ్లింది.

అవ్వ వచ్చేసరికి నాయిన కర్రల మీద గుమ్మం దాకా నడుస్తున్నాడు. మాటలు కూడా చాలావరకు వచ్చేశాయి. మనిషి కోలుకున్నాడని అందరూ సంతోషించారు. మేమూ సంతోషించాం. అందులో పోయినదేమిటో మాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

అందరం కూర్చున్నాం. అవ్వ నాయినకు దగ్గరగా, మంచానికి ఆనుకుని. నాయిన తవ్వడం మొదలుపెట్టాడు. అలవాటుగా ప్రతి బండ దగ్గరా తప్పుకున్నాడు.

"బావా, పడనియ్యాలె" అన్నాడు మామ మెల్లగా.

నాయిన మీట పట్టుకుని ఆగాడు. తర్వాత ఆ చిన్న మనిషిని బండ కిందికి తీసుకెళ్లి నిలబెట్టాడు. బండ ఊగింది. పడింది. మేమంతా నాయిన నోటి వైపు చూశాం.

ఏమీ లేదు.

మళ్లీ ఆడాడు. మళ్లీ పడింది. ఏమీ లేదు. అమ్మ "పెద్దమ్మ కొడుకును యాది చేస్కో, ఆ చీకటి యాది చేస్కో" అంది. నాయిన "యాదికున్నది, అంతా యాదికున్నది. మాటలే వస్తలేవు" అన్నాడు. ఆయన గొంతు తన సొంత గొంతే. ఆ రెండో గొంతు ఎక్కడికో వెళ్లిపోయింది. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ బండ. మళ్లీ. ఆయన వేళ్లు తెల్లబడేలా మీట నొక్కుతున్నాడు. ఆట మొదలైనప్పుడు వచ్చే చిన్న పాట పదే పదే మోగుతోంది. మామ గోడ వైపు తిరిగిపోయాడు.

అవ్వ చేయి చాచి నాయిన మణికట్టు పట్టుకుంది.

"సాలు కొడుకా. ఎన్నిసార్లు సంపుతవ్ వాణ్ని?"

నాయిన చేతిలోంచి మీట జారింది. నేను టీవీ కట్టేశాను.

ఆ తర్వాత ఆ మిషన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. నాయిన తేలిక పని మీద మళ్లీ చేరి, పదవీ విరమణ దాకా చేశాడు. మామూలుగా మాట్లాడేవాడు, మామూలుగా నవ్వేవాడు. కాక ఏమన్నాడో నాయిన పోయేదాకా ఎవరికీ తెలియలేదు. ఇక తెలియదు. అవ్వ ఇంకోసారి రాలేదు. ఆమె పోయిందని సంతలో ఎవరో చెబితే విన్నాం.

నేను టీవీ కట్టేసిన ఆ సాయంత్రం బస్సు దాటిపోయిందని అవ్వ మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దుగూకే వేళ అరుగు మీద నాయిన కుర్చీలో కూర్చున్నాడు, ఆమె మెట్టు మీద కూర్చుంది. పొయ్యిల పొగ వీధి మీద పరుచుకుంటోంది. అప్పుడామె మొదలుపెట్టింది. తెలుగులో కాదు, తన మాటల్లో. ఎవరికోసం చెబుతోందో చూడకుండా, అడవి వైపు చూస్తూ. మధ్యలో ఒకసారి చేయి నేలకు కొంచెం ఎత్తున పట్టి, ఒక చిన్న పిల్లవాడు అంతే ఉండేవాడన్నట్టు చూపించింది. ఒకసారి నవ్వింది. ఒకసారి ఆగిపోతే, నాయిన ముందుకు వంగి, "చెప్పు పెద్దమ్మా" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. అమ్మ దీపం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మా నాయినకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చెప్పడం ఆపేదాకా కదలకుండా విన్నాడు.